దండలొద్దు... గది తాళం ఇవ్వండి!

మన హోటళ్ళవాళ్ళకి హారతి పట్టడం వచ్చుగానీ, వచ్చిన మనిషిని లోపలికి రమ్మనడం రాదు.

ఈ ముక్క ఒకసారి మావారి స్నేహితుడి ముందు అన్నాను. ఆయనకి ఒక మోస్తరు హోటలు వుంది. పాపం, నొచ్చుకున్నారు. "అదేమిటమ్మా, అలా తీసిపారేస్తావు? గుమ్మంలో బొట్టు పెడుతున్నాం, మెడలో దండ వేస్తున్నాం, గొంతు తడుపుకోడానికి చల్లగా ఇస్తున్నాం. ఇంతకన్నా ఏం చెయ్యమంటావు?" అన్నారు. ఇంటికొచ్చిన మనిషితో వాదన ఏమిటని అప్పుడు కాఫీ ఇచ్చి వూరుకున్నాను. ఏం చెయ్యాలో ఇప్పుడు చెబుతాను. నిజానికి ఇంతకన్నా ఎక్కువ చెయ్యక్కర్లేదు. చాలా తక్కువ చేస్తే చాలు.

హోటళ్ళ గురించి మాట్లాడ్డానికి నీకేమిటి అర్హత అంటారేమో. తిరగడమే! సాహిత్య సభలనీ, కాలేజీ ఫంక్షన్లనీ, చుట్టాల పెళ్ళిళ్ళనీ ఏడాదిలో పదిహేను ఇరవై రాత్రులు హోటలు గదుల్లో పడుకుంటాను. చాలాసార్లు ఒక్కదాన్నే. ఎవరైనా పిలిచి పెడితే తప్ప ఐదు నక్షత్రాల హోటలు మెట్లెక్కను. అలాగని సత్రంలో జంబుఖానా పరుచుకుని పడుకునే ఓపికా లేదు. మీరూ నేనూ దిగే రకం హోటళ్ళు... ఒక ఏసీ గది, వేణ్ణీళ్ళు, పొద్దున్నే ఇడ్లీ... వాటి సంగతే ఇదంతా. నవలల్లో అయితే నాయిక "హోటల్లో దిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. గుమ్మం దగ్గర్నుంచి గది తలుపు దాకా చెయ్యాల్సిన ప్రయాణం సంగతి ఏ నవలలోనూ వుండదు. అది ఒక్కోసారి రైలు ప్రయాణం కన్నా పొడుగు!

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి వుంటుంది. పట్టుచీరలాంటి చీర, తలలో పువ్వులు - అవీ గుడ్డవే - చేతిలో పళ్ళెం. పక్కన మరో అమ్మాయి, ట్రేలో గాజు గ్లాసులు. వాటిలో ఆకుపచ్చగానో గులాబీరంగులోనో ఒక పానీయం. అది ఏ పండు రసమో కనుక్కున్నవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు. దాని రంగు మాత్రం సాయంత్రందాకా నాలిక మీద వుంటుంది. ఆ మీదట దండ. ఒక్కోచోట శంఖం కూడానూ. ఇంత సంబరమూ అయ్యాక కౌంటరు దగ్గరికి వెళ్తే, అవతల కూర్చున్న కుర్రవాడు కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా "గది ఇంకా రెడీ కాలేదు మేడమ్, సోఫాలో కూర్చోండి" అంటాడు. ఇంక మెడలో దండతో, నుదుట కుంకంతో, జాతరకి తెచ్చిన మేకలా ఆ సోఫాలో కూర్చోవాలి.

అసలు స్వాగతం గుమ్మంలో మొదలవదండీ. మన ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఏం చేస్తాం? ముందురోజే ఫోను చేసి "ఏ రైలుకి వస్తున్నారు? ఎన్నింటికి దిగుతారు? పిల్లాడికి పాలు తీసి వుంచనా? అత్తయ్యగారు మెట్లెక్కగలరా, కింద గదిలో పక్క వెయ్యనా?" అని అడుగుతాం. ఇల్లాలన్న ప్రతి మనిషికీ ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య ఇది. దీనికి ఏ కాలేజీ పట్టా ఇవ్వదు. హోటలు నడపడానికని మూడేళ్ళో నాలుగేళ్ళో చదివి పట్టాలు పుచ్చుకున్నవాళ్ళకి మాత్రం ఈ నాలుగు ప్రశ్నలూ తట్టవు. అదేం చోద్యమో!

ముందు డబ్బు కట్టించుకుంటారు. ఆ క్షణం నుంచి ఫోనులో సందేశాలు మొదలు. "మీ రాకకోసం ఎదురు చూస్తున్నాం" అని ఒకటి. వంటికి నూనె రాయించుకుంటే తగ్గింపు అని ఇంకొకటి. మనం ఇంకా పెట్టె సర్దుకుంటూనే వుంటాం, "మా హోటల్లో మీ బస ఎలా వుంది, ఐదు చుక్కలు ఇవ్వండి" అని వేరొకటి. ఇన్ని వచ్చినా మనకి కావలసిన ముక్క ఒక్కటీ వుండదు. స్టేషన్ నుంచి ఎంత దూరం? ఆటో అబ్బాయి ఎంత అడిగితే న్యాయం? లిఫ్టు వుందా? వుంటే కరెంటు పోయినప్పుడు పనిచేస్తుందా? వేణ్ణీళ్ళు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? ఊహూఁ! పోనీ మనమే ఫోను చేద్దామంటే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ ఒక రికార్డు గొంతు. అన్నీ నొక్కాక ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్న మనిషి దొరుకుతాడు. ఆ హోటలు ఏ వీధిలో వుందో అతని కన్నా నాకే బాగా తెలుసు.

ఇక చెక్‌ఇన్ టైము. ఇప్పుడు చాలా హోటళ్ళలో అది మధ్యాహ్నం పన్నెండో రెండో. ఈ లెక్క ఎక్కడ పుట్టిందోగానీ, మన రైళ్ళ టైంటేబిల్ చూసి మాత్రం పెట్టలేదు. మనవాళ్ళవి రాత్రి ప్రయాణాలు. విశాఖపట్నంలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. కాకినాడలో గౌతమి ఎక్కినా అంతే. ఇటునుంచి నారాయణాద్రి ఎక్కితే పొద్దున్నే తిరుపతి. బస్సుల సంగతి చెప్పక్కర్లేదు, కోడి కూయకముందే ఏ కూడలిలోనో దింపి పోతాయి. అంచేత తెలుగునాట ప్రయాణీకులు చాలామంది ఐదూ ఆరు గంటలకి, పాచిమొహంతో, చేతిలో సూట్‌కేసుతో హోటలు గుమ్మంలో నిలబడతారు. హోటలుకి మాత్రం మధ్యాహ్నం రెండయితే గానీ తెల్లవారదు!

మా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని తీసుకెళ్ళిన లాడ్జీల్లో ఈ గొడవే లేదు. ఎన్నింటికి దిగితే అన్నింటి నుంచి ఇరవైనాలుగు గంటలు. ఇప్పటికీ చాలా వూళ్ళలో పాత లాడ్జీలవాళ్ళు ఆ లెక్కే పాటిస్తున్నారు. గోడల సున్నం పెచ్చులూడిన ఆ లాడ్జీలకి వున్న ఇంగితం అద్దాల మేడలకి లేకపోయింది.

గదిలో అంతకుముందు దిగినవాళ్ళు ఖాళీ చెయ్యాలి, దుప్పట్లు మార్చాలి, బాత్‌రూము కడగాలి, మంత్రం వేస్తే అయిపోతుందా అంటారు. ఒప్పుకున్నాను. మంత్రం వెయ్యమనడం లేదు. ముందే చెప్పమంటున్నాను. చెప్పి, తెల్లవారుజామున దిగినవాళ్ళు స్నానం చేసి బట్టలు మార్చుకోడానికి ఒక చిన్న గది విడిగా వుంచమంటున్నాను. మగవాడికైతే లాబీలో వాష్‌బేసిన్ చాలు, మొహం కడుక్కుని, తల దువ్వుకుని సోఫాలో పేపరు చదువుకుంటాడు. రాత్రంతా రైల్లో వచ్చిన ఆడదానికి వుండే ఇబ్బందులు విడమరిచి రాయక్కర్లేదు, చదివే మీకందరికీ తెలుసు. అవి తెలియనిదల్లా చెక్‌ఇన్ టైము నిర్ణయించే పెద్దమనుషులకే. పైగా వాళ్ళలో కొందరు మహానుభావులు పొద్దున్నే వచ్చినందుకు అదనంగా అరపూట అద్దె పుచ్చుకుంటారు కూడా.

అతిథి అన్న మాటకి పండితులు చెప్పే అర్థం, తిథి చెప్పకుండా వచ్చేవాడని. అలా చెప్పాపెట్టకుండా వచ్చినవాణ్ణి దేవుడిలా చూడమన్నారు మన పెద్దలు. మేము తిథి చెప్పాం, వారం చెప్పాం, రైలు పేరు చెప్పాం, డబ్బు కూడా కట్టాం. మమ్మల్ని దేవుళ్ళని చెయ్యొద్దు, డబ్బు కట్టిన మనుషుల్లా చూస్తే అదే పదివేలు.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ మీకు తెలిసిందే. ఆ కుర్రాడు యముడి ఇంటికి వెళ్ళేసరికి యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు అన్నం లేకుండా అక్కడే కాచుకున్నాడు. తిరిగొచ్చిన యముడు "మా చెక్‌ఇన్ టైము ఇంకా కాలేదు నాయనా" అనలేదు. అతిథిని అలా వుంచడం అపచారమని నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. ప్రాణాలు పట్టుకుపోయే యముడికున్న మర్యాద, రోజుకి నాలుగువేలు పుచ్చుకునే హోటలాయనకి వుండొద్దూ?

ఉపనిషత్తుల మాట ఇప్పుడెందుకంటారా, మా గోదావరి లంకల్లోకి రండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారని ఒకావిడ వుండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. వేళ కాని వేళ ఎవరు వచ్చి తలుపు తట్టినా అన్నం వండి పెట్టేవారు. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి, సగం దారిలో ఎవరో పెళ్ళివారు ఆకలితో తన ఇంటికే వెళ్తున్నారని విని వెనక్కి తిరిగి వచ్చేశారని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు కూడా. ఆవిడ గుమ్మంలో ఎవరి మెడలోనైనా దండ వేసినట్టు నేనెక్కడా వినలేదు. అది దానం, ఇది వ్యాపారం అంటారు. సరే, వ్యాపారమే. ఆవిడ డబ్బు పుచ్చుకోకుండా చేసినదాంట్లో పదోవంతు డబ్బు పుచ్చుకుని చెయ్యమంటే తప్పా?

ఇదంతా ఒక ఎత్తు. ఆడది ఒక్కతీ కౌంటరు ముందు నిలబడ్డం ఒక్కటీ ఒక ఎత్తు.

ఒక జిల్లా కేంద్రంలో, హోటలు పేరు అనవసరం, సభవాళ్ళు నాకు ముందే గది మాట్లాడి పెట్టారు. రైలు ఆలస్యమై నేను వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

"ఎంతమంది మేడమ్?"

"ఒక్కదాన్నే."

"సార్ వెనకాల వస్తున్నారా?"

"సార్ రావటం లేదు."

కుర్రాడు నా వెనక్కి చూశాడు. సూట్‌కేసు వెనక సార్ ఎక్కడైనా దాక్కున్నారేమోనని కాబోలు. "లేడీస్ ఒక్కరే అయితే మేనేజరుగారిని అడగాలి మేడమ్" అన్నాడు. మేనేజరు ఫోనులోకి వచ్చాడు. ఏం పనిమీద వచ్చారని అడిగాడు. మాట్లాడ్డానికి వచ్చానన్నాను. "ఎవరితో?" అన్నాడు. "నాలుగువందల మందితో, రేపు పొద్దున్న, టౌన్‌హాల్లో" అన్నాను. వెటకారం అర్థమైందో లేదోగానీ గది మాత్రం ఇవ్వలేదు. నలభై నిముషాలు ఆ సోఫాలో కూర్చున్నాక, సభవాళ్ళు పంపిన కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఎమ్మే చదువుతున్నాడట. అతను రిజిస్టరులో సంతకం పెట్టాడు. అంతే! నలభైల్లో వున్న నా నడవడి మీద వాళ్ళకి నమ్మకం కుదిరిపోయింది. తాళం చెవి కూడా నాకివ్వలేదు, అతని చేతికే ఇచ్చారు.

ఇది నా ఒక్కదాని గోల అనుకోకండి. 2017లో హైదరాబాదులో, ముందే గది బుక్ చేసుకుని వచ్చిన ఒక యువ కళాకారిణికి, ఒంటరి ఆడవాళ్ళకి గదులివ్వమని గుమ్మంలోనే చెప్పేశారు. ఆ అమ్మాయి వూరుకోకుండా నలుగురికీ చెప్పింది గనక పేపర్లకెక్కింది. ఇంటికి ఫోను చేసి, అన్నయ్యనో బాబాయినో పిలిపించుకుని, అవమానం దిగమింగి, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా వూరుకున్నవాళ్ళ సంగతి ఏ పేపర్లో వస్తుంది?

మన రాజ్యాంగంలో హోటళ్ళ ప్రసక్తి వుందంటే నమ్ముతారా? వుంది. 15వ అధికరణంలో. మతం, కులం, ఆడా మగా తేడా చూపించి ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకీ హోటళ్ళలోకీ రాకుండా ఆపడానికి వీల్లేదని 1950లోనే రాసుకున్నాం. ఒంటరి స్త్రీకి గది ఇవ్వకూడదని చెప్పే చట్టం ఈ దేశంలో ఒక్కటీ లేదు. అంతెందుకు, పెళ్ళికాని స్త్రీ పురుషులిద్దరు ఒక హోటలు గదిలో దిగకూడదని ఏ చట్టమూ చెప్పటం లేదని 2019లో మద్రాసు హైకోర్టు తేల్చింది. (ఈ వాక్యం చదివి మా అత్తగారు మొహం ముడుచుకుంటారని తెలుసు. నేను చెప్పేది చట్టం సంగతి, ఆవిడ అభిప్రాయం ఆవిడది.) మరి ఈ "మేనేజరుగారిని అడగాలి" అన్న చట్టం ఏ శాసనసభలో పాసైందో ఎవరూ చెప్పరు.

"పోలీసులతో ఇబ్బందమ్మా, పైగా మీ భద్రత కోసమే కదా" అన్నారు హోటలు స్నేహితుడు ఇంకోసారి. పోలీసులకి కావలసింది వచ్చినదెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, గుర్తింపు కార్డు ఏమిటి అన్న వివరం. అది చూపించనని ఏ ఆడది అంది? హ్యాండ్‌బ్యాగులో అందరికన్నా ముందు కార్డు తీసేది మేమే. ఇక భద్రత. రాత్రి పదింటికి ఒక ఆడమనిషి గదిలో గడియ పెట్టుకుని పడుకుంటే భద్రమా, మీరు గది లేదని పంపేశాక బస్టాండు బెంచీ మీద కూర్చుంటే భద్రమా? మీ గుమ్మంలో ప్రమాదం జరగకపోతే చాలు, పది గజాల అవతల ఏం జరిగినా మీకు సంబంధం లేదు. దీనికి భద్రత అని పేరు పెట్టకండి.

నిజంగా భద్రత మీద అంత శ్రద్ధే వుంటే ఈ పని ఎందుకు చేస్తారు? సంతకాలన్నీ అయ్యాక ఆ కుర్రాడు తాళం చెవి గాల్లోకెత్తి, లాబీ అంతా వినబడేలా "ఒరే, మేడమ్‌ని రెండొందల నాలుగులోకి తీసుకెళ్ళు!" అని కేకేస్తాడు. లాబీలో పదిమంది మగవాళ్ళు వుంటారు. ఒక్కదాన్నే వచ్చానని అప్పటికే పావుగంటగా అందరికీ తెలుసు. ఇప్పుడు ఏ గదిలో వున్నానో కూడా తెలిసింది. గది నంబరు పైకి చెప్పకుండా చీటీ మీద రాసి ఇవ్వాలన్నది హోటలు పనిలో చేరినవాళ్ళకి మొదట్లోనే నేర్పే పాఠం. పెద్ద హోటళ్ళలో పాటిస్తారు కూడా. ఒక చీటీ, ఒక పెన్సిలు. దీనికి పెట్టుబడి ఎంతవుతుందండీ? ఆ రంగునీళ్ళ గ్లాసులో పదోవంతు కాదు.

ఆధార్ కార్డు జిరాక్సు కూడా అంతే. అందులో మన పేరు, ఫొటో, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా చిరునామా. ఆ కాగితం కౌంటరు మీదే పడి వుంటుంది. ఒక్కోచోట దాని వెనకే ఇంకొకరి లాండ్రీ లెక్క రాస్తారు, కళ్ళారా చూశాను. హోటళ్ళలాంటి చోట్ల ఇలా జిరాక్సులు ఇవ్వొద్దని 2022 మే నెలలో ఆధార్ సంస్థవారి బెంగుళూరు కార్యాలయం ఒక ప్రకటన చేసింది. జనం కంగారు పడుతున్నారని రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయిందిగానీ కంగారు పడాల్సిన కారణం పోలేదు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే ఆధార్ ఒకటి వుంది, ఆ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. మీ అబ్బాయినో అమ్మాయినో అడిగితే నిముషంలో తీసిపెడతారు. ప్రయాణం పెట్టెలో ముందు అది పెట్టుకోండి, తర్వాత చీరలు.

ఇంక బొట్టు పళ్ళెం దగ్గరికి వస్తాను. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాల్సిందే.

మా పిన్ని హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. బాబాయి పోయి ఆరేళ్ళు. మాతో కలిసి ఒక యాత్రకి వచ్చింది. హోటలు గుమ్మంలో ఆ పళ్ళెం పట్టుకున్న అమ్మాయి నాకు బొట్టు పెట్టింది, మా అమ్మాయికి పెట్టింది, పిన్ని దాకా వచ్చి కుంకంలో వేలు ముంచి... ఆగిపోయింది. పిన్ని మెడ వంక చూసింది. కాళ్ళ వంక చూసింది. ముంచిన వేలు మెల్లిగా చీర చెంగుకి తుడుచుకుంది. పిన్ని నుదుట చిన్న బొట్టు వుంది కూడాను! అయినా ఆ పిల్లకి ఎవరో ఎప్పుడో నేర్పినదేదో చెయ్యి పట్టుకుని ఆపింది. పిన్ని నవ్వి, "ఫర్వాలేదమ్మా" అని ఆ పిల్ల భుజం తట్టి లోపలికి నడిచింది. వేలమంది పిల్లలకి చదువు చెప్పిన మనిషి. గదిలోకి వెళ్ళాక స్నానానికని వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఇంట్లో పేరంటాల్లో పడే అవమానాలు చాలవా? డబ్బు కట్టి, పెట్టె మోసుకుని వెళ్ళి, ముక్కూమొహం తెలియని వూళ్ళో, నువ్వు ఎవరివో గుర్తుంచుకో అనిపించుకోవాలా? నాతో పనిచేసిన ఒక ముస్లిం స్నేహితురాలికి ఇంకోలాంటి ఇబ్బంది, ఆమె వద్దనేలోపే నుదుట కుంకం పడింది. తుడిస్తే వాళ్ళు నొచ్చుకుంటారని, వుంచితే ఇంట్లోవాళ్ళు ఏమంటారోనని లిఫ్టులో ఆమె పడ్డ అవస్థ చూశాను. పెట్టమని అడిగినవాళ్ళకి పెట్టండి. పళ్ళెం బల్లమీద వుంచితే కావలసినవాళ్ళు వాళ్ళే పెట్టుకుంటారు. మనిషిని చూసి, లెక్కగట్టి, ఈమెకి పెట్టొచ్చు ఈమెకి పెట్టకూడదు అని గుమ్మంలో తీర్పు చెప్పే పనిని స్వాగతమనడం నాకు చేతకాదు.

ఆ పళ్ళెం పట్టుకున్న అమ్మాయి మీద నాకు ఇసుమంత కోపం లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎత్తుమడమల చెప్పులమీద నిలబడి, వచ్చిన ప్రతి మొహాన్నీ చూసి నవ్వాలి. కాసేపు కూర్చుందామంటే గుమ్మంలో కుర్చీ వుండదు, అందం చెడుతుందట. కేరళలో 2018లోనూ తమిళనాడులో 2021లోనూ దుకాణాల్లో నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇస్తూ చట్టం మార్చారు. కూర్చోడానికి చట్టం కావలసి వచ్చిందంటే మన సంగతి ఆలోచించండి. ఆ పిల్ల కూర్చుని, "రండమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?" అంటే నాకు దండ వేసినదానికన్నా ఎక్కువ.

అందరూ ఇలాగే వుంటారని కాదు. రాజమండ్రిలో ఒక పాత లాడ్జీ వుంది. లిఫ్టు లేదు, లాబీ లేదు, మేనేజరు మాత్రం యాభై దాటిన ఒకావిడ. నేను వెళ్ళాల్సిన ముందురోజు సాయంత్రం ఆవిడే ఫోను చేసింది. "అమ్మా, గౌతమికేనా మీరొచ్చేది? అది తెల్లారకుండానే దింపేస్తుంది. మీ గది పదకొండుకి గానీ ఖాళీ అవదు, వున్నమాట చెబుతున్నాను. కింద చిన్న గది ఒకటి తీసి వుంచుతాను, స్నానం చేసి కాస్త నడుం వాల్చండి. దానికి డబ్బక్కర్లేదు. మీ గది రెండో అంతస్తులో, మెట్లెక్కాలి, మోకాళ్ళ నొప్పులుంటే ఇప్పుడే చెప్పండి, కింద సర్దుతాను. రాత్రి డ్యూటీలో పెద్దాయన వుంటారు, మీ పేరు చెప్పి పెట్టాను" అంది. చీకట్లో ఆటో దిగేసరికి ఆ పెద్దాయన గుమ్మంలో లైటు వేసుకుని నిలబడి వున్నారు. ఎవరితో వచ్చారని అడగలేదు. కార్డు చూసి, వివరాలు రాసుకుని, కార్డు నా చేతికిచ్చేశారు. తాళం చెవితోపాటు మడిచిన చీటీ. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు. ఆ తర్వాత ఆ వూరు నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ అక్కడే దిగాను. పక్కవీధిలో అద్దాల హోటలు వెలిసింది, ఇంకా చూడలేదు.

ఆ రెండు నిముషాల ఫోనుకి ఎంత ఖర్చయింది చెప్పండి?

మనం చెయ్యాల్సింది కూడా కొంత వుంది. ఇంట్లో బియ్యం దగ్గర్నుంచి బీమా దాకా అన్నీ మనమే చూస్తాం. హోటలు కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన రిజిస్టరు నింపుతుంటే మనం వెనకాల సామాను లెక్కపెట్టుకుంటూ నిలబడతాం. ఈసారి పెన్ను మీరు తీసుకోండి. బయలుదేరే ముందు ఫోను చేసి, గది ఎన్నింటికి ఇస్తారు, తెల్లవారుజామున స్నానానికి వీలుందా, ఒక్కదాన్నే వస్తున్నాను మీకేమైనా అభ్యంతరమా అని అడిగి, చెప్పినవారి పేరు రాసుకోండి. వాళ్ళడిగే ఐదు చుక్కలు ఇచ్చేటప్పుడు ఇడ్లీ మెత్తగా వుందనే కాదు, కౌంటరు దగ్గర ఎలా మాట్లాడారో కూడా రాయండి. మన తర్వాత రాబోయే ఆడపిల్ల అది చదివే ఆ హోటలు ఎంచుకుంటుంది, లేదా మానేస్తుంది.

ఇక "రెండొందల నాలుగు!" అని లాబీ అదిరేలా కేకేస్తే మొహమాటపడకండి. "ఆ గది వద్దు బాబూ, ఇంకో గది ఇచ్చి, నంబరు చీటీ మీద రాసివ్వు" అనండి. కిందటి నెలలో నేను అన్నాను. ఆ అబ్బాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూసి, తాళం మార్చి, చీటీ రాశాడు. నా వెనకాల వరుసలో చంటిపిల్లని ఎత్తుకుని ఒకావిడ నిలబడి వుంది. ముందుకు జరిగి, "నాకూ అలాగే రాసివ్వండి" అంది.